గోడకు నెమ్ము, పిల్లకు నెమ్ము

ప్రశ్న: మాది తిరుపతి. కొర్లగుంట వైపు అద్దెకు ఉంటాం, కింది పోర్షన్. పోయిన కార్తీకంలో వానలు పట్టుకున్నప్పటి నుంచి పడకగది గోడ కిందనుంచి చెమ్మెక్కింది. బీరువా జరిపి చూస్తే వెనకంతా నల్ల చుక్కలు. బాత్రూం మూలల్లో గులాబీ రంగు జిగురు. అటక మీది తోలు బ్యాగు, చెప్పుల మీద ఆకుపచ్చ పొడి. వరండా గోడ మీద తెల్లగా దూదిలాంటిది లేస్తోంది. మా పాపకు ఆరేళ్లు. రాత్రి రెండు మూడింటికి దగ్గుతో లేస్తుంది, పగలు బాగానే ఆడుకుంటుంది. మా అత్తమ్మకు షుగరు. పక్కింటావిడ గోడ చూసి "ఇది బ్లాక్ ఫంగస్, కరోనాలో కళ్లు పోగొట్టింది ఇదే" అంది. అప్పటినుంచి నాకు నిద్ర లేదు. ఓనరును అడిగితే పెయింటు వేయించారు, రెండు నెలలకే మళ్లీ వచ్చింది. ఇవి ఏ రకం బూజులు? పిల్ల దగ్గు వీటివల్లేనా? ఇల్లు ఖాళీ చేయాలా సార్?

ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం:

అమ్మా, ముందు మీ నిద్ర సంగతి చూద్దాం. మీ గోడ మీది నల్ల బూజు వేరు, కరోనా రెండో వేవ్‌లో మనల్ని హడలగొట్టిన బ్లాక్ ఫంగస్ వేరు. 2021లో వచ్చిన ఆ జబ్బు పేరు మ్యూకర్‌మైకోసిస్. రైజోపస్, మ్యూకర్ లాంటి బూజుల వల్ల వస్తుంది. నాలుగు రోజులు మర్చిపోయిన బ్రెడ్డు మీద బూడిదరంగు నూగు, ఆ నూగు చివర గుండుసూది తలల్లాంటి నల్ల చుక్కలు మీరు చూసే ఉంటారు. అది రైజోపసే. మట్టిలో, కుళ్లిన ఆకుల్లో, పేడదిబ్బలో అంతటా ఉంటుంది. పుట్టినప్పటి నుంచి దాని పక్కనే బతుకుతున్నాం. జబ్బుకు 'బ్లాక్' అన్న పేరు బూజు రంగును బట్టి రాలేదు. అది సోకిన చోట రక్తనాళాలు మూసుకుపోయి, కండ చచ్చి నల్లబడుతుంది, అందుకని ఆ పేరు పడింది. అప్పట్లో అది ఎక్కువగా పట్టుకున్నది షుగరు అదుపు తప్పినవాళ్లను, స్టెరాయిడ్లు ఎక్కువగా వాడాల్సి వచ్చినవాళ్లను.

అందుకే మీ అత్తమ్మ విషయంలో గోడ కన్నా ముందు చూడాల్సింది ఆమె షుగరు రిపోర్టు. అది అదుపులో ఉంటే సగం టెన్షన్ తీరినట్టే. ముఖం ఒక పక్క వాచి నొప్పి పెట్టినా, ముక్కులోంచి నల్లటి స్రావం వచ్చినా, కన్ను వాచి ఒకటి రెండుగా కనిపించినా మాత్రం రేపు చూద్దాం అనొద్దు. ఆ పూటే రుయా ఆసుపత్రికో స్విమ్స్ ఆసుపత్రికో తీసుకెళ్లండి. గోడ రుద్దే పని ఆమెకు అప్పగించొద్దు, అంతే.

ఇక ఇవి ఏ రకాలు అన్న ప్రశ్న. ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పాను. అందులో బూజుల పాఠమంటే నాకు మహా ఇష్టం. అయినా ఉత్త కంటితో గోడ చూసి ఇది ఫలానా అని చెప్పడం నా వల్ల కాదు, ఎవరి వల్లా కాదు. చిన్న గాజుపలక మీదికి ఎక్కించి మైక్రోస్కోప్ కింద పెడితేనే అసలు ముఖం కనిపిస్తుంది. కాకపోతే ఏ రంగు, దేని మీద, ఎంత తడిలో అన్నవి తెలిస్తే దగ్గరి ఊహ చేయొచ్చు. మీరు బాగా గమనించి రాశారు కాబట్టి నా పని తేలికైంది.

బీరువా వెనక నల్ల చుక్కలు చాలామటుకు క్లాడోస్పోరియం. దగ్గరగా చూస్తే అచ్చమైన నలుపు కాదు, ముదురాకుపచ్చ కలిసిన నలుపు. ఇళ్లలోనూ బయటి గాలిలోనూ అందరికన్నా ఎక్కువగా కనిపించే బూజుల్లో ఇదొకటి. ఒంట్లోకి దూరి జబ్బు తేవడం చాలా అరుదు. తుమ్ములు, ముక్కు కారడం, కళ్ల దురద, పడనివాళ్లకు పిల్లికూతలు, ఇవీ దీని పనులు. దీంతోపాటే తరచుగా ఆల్టర్నేరియా కూడా ఉంటుంది. మదనపల్లె వైపు టమాటా రైతును అడగండి, ఆకు మీద ఒకదాని చుట్టూ ఒకటి గోధుమరంగు వలయాలు తెచ్చే తెగులు సంగతి చెబుతాడు. ఆ తెగులుకూ ఇంటి గోడ మీది దానికీ చుట్టరికం ఉంది. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆల్టర్నేరియా పడకపోతే ఆయాసం గట్టిగా వస్తుంది. కిటికీ చట్రాల్లో, ఎండాకాలం వాడి అలాగే మూలన పడేసిన కూలరు గడ్డిలో అది హాయిగా కాపురం చేస్తుంది. మీకు కూలరు ఉంటే ఆ గడ్డి ఈ ఏడు మార్చేయండి.

తోలు బ్యాగు మీది ఆకుపచ్చ పొడి పెనిసిలియం కావచ్చు, ఆస్పర్‌జిల్లస్ కావచ్చు. మొదటిదాని పేరులోనే పెన్సిలిన్ ఉంది. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ గాజుపళ్లెంలో పొరపాటున పడి సూక్ష్మజీవుల్ని చంపింది ఈ కుటుంబంలోనిదే. వంటింట్లో నిమ్మకాయ మీద చుట్టూ తెల్లగా, మధ్యలో పచ్చగా వచ్చేదీ ఇదే జాతి. మైక్రోస్కోప్ కింద ఇది అచ్చం పెయింటర్ కుంచెలా ఉంటుంది, పేరూ లాటిన్‌లో కుంచె అన్న మాటనుంచే వచ్చింది. రెండోది బంతిపువ్వులా ఉంటుంది: ఒక కాడ, కాడ మీద గుండ్రటి తల, ఆ తల చుట్టూ రేకుల్లా గింజల వరసలు. 1729లో ఇటలీలో మికేలీ అనే మతగురువు దీన్ని చూసి, చర్చిలో పవిత్రజలం చల్లే సాధనంలా ఉందని ఆ పేరు పెట్టాడు. మన పంతులుగారు చూసి ఉంటే పుణ్యాహవాచనం నాటి మామిడాకుల కట్ట అనేవారేమో.

ఈ ఆస్పర్‌జిల్లస్‌లో రకాలు చాలా ఉన్నాయి, అన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. ఉల్లిపాయ పొర తీస్తే వేలికి అంటుకునే నల్లపొడి ఒక రకం. చెవిలో గుబిలి తీయడానికి పిన్నీసులు పెట్టి, నూనెలు పోసి తడి చేసుకుంటే దురద పెట్టించే బూజు కూడా తరచుగా అదే. ఫ్యుమిగేటస్ అనేది ఇంకో రకం. ఇది కాస్త జాగ్రత్తగా ఉండాల్సింది. పాత టీబీ తగ్గినా ఊపిరితిత్తిలో గుంత మిగిలిపోయినవాళ్లకు ఆ గుంతలో బంతిలా పెరిగి, దగ్గితే రక్తం పడేలా చేస్తుంది. కొంతమంది ఉబ్బసం రోగుల్లో శ్వాసనాళాల్లో తిష్ఠవేసి, మందులు వాడినా ఆయాసం తగ్గకుండా చేస్తుంది. కీమో తీసుకుంటున్నవాళ్లు, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు ఇంట్లో ఉంటే బూజు గదిలోకి వాళ్లను అసలు పోనివ్వకూడదు. మీ ఉత్తరంలో అలాంటివాళ్లెవరూ లేరు, అదృష్టం. 

మూడో రకం ఫ్లేవస్. దీని గురించి నాలుగు మాటలు ఎక్కువ చెబుతాను, మీరు అడగకపోయినా. మనది చెనిక్కాయల సీమ. ఫ్లేవస్ పసుపు కలిసిన ఆకుపచ్చ రంగులో వేరుశెనగ గింజల మీద, ఎండుకొబ్బరి మీద, జొన్న, మొక్కజొన్నల మీద పెరిగి అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని చేస్తుంది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు కారణం తెలియకుండా చచ్చిపోతే, వెతగ్గా వెతగ్గా అవి తిన్న బ్రెజిల్ వేరుశెనగ చెక్కలో ఈ విషం దొరికింది. ఏళ్ల తరబడి ఒంట్లోకి పోతే లివర్ క్యాన్సర్ తెస్తుందని రుజువైంది. వేయిస్తే, ఉడికిస్తే పూర్తిగా పోదు. గోడ మీది బూజును చూసి భయపడే మనం, డబ్బా అడుగున ముడుచుకుపోయి రంగు మారిన గింజల్ని "వేయించి చట్నీ చేద్దాంలే" అంటాం. నన్నడిగితే మీ ఇంట్లో వాళ్ల ఒంటికి గోడ కన్నా ఆ డబ్బా ఎక్కువ హాని చేయగలదు. నల్లబడినవి, ముడుచుకున్నవి, చేదుగా తగిలినవి ఏరి పారేయండి. ఆవకాయ మీద తెల్లగా తేలితే పైపొర తీసేసి కింది ఊరగాయ వాడుకోవడం కూడా మన ఇళ్లలో ఉన్నదే. మెత్తటి వాటిలో బూజు వేళ్లు లోపలికి దిగి ఉంటాయి, పైది తీస్తే పోదు. లడ్డూ ప్రసాదం దాచి దాచి బూజు పట్టిస్తే, పారేయడానికి మనసొప్పకపోతే చెట్టు మొదట్లో వేయండి. పిల్లకు మాత్రం పెట్టొద్దు.

మిగిలిన రెండూ తేలిక. బాత్రూంలో గులాబీ జిగురు అసలు బూజే కాదు. సెరాషియా అనే బ్యాక్టీరియా గానీ, గులాబీ రంగు ఈస్టు గానీ, సబ్బు మడ్డి మీద బతుకుతుంది. వారానికోసారి రుద్ది కడిగి, నేల ఆరబెడితే చాలు. వరండా గోడ మీది దూది కూడా బూజు కాదనే అనుకుంటున్నాను, అది ఉప్పు. ఇటుకలో, సిమెంటులో ఉన్న లవణాలను నీళ్లు కరిగించి బయటికి తెస్తాయి, నీళ్లు ఆరిపోయి ఉప్పు మిగులుతుంది. వేలితో కొంచెం తీసి నీటిచుక్కలో వేయండి. కరిగిపోతే ఉప్పు. కరక్కుండా జిడ్డుగా అంటుకుంటే బూజు. ఉప్పు ఒంటికేమీ చేయదు గానీ, గోడలో నీళ్లు నడుస్తున్నాయని చెప్పకనే చెబుతుంది.

ఇంకొకటి మీరు యూట్యూబ్‌లో చూసి ఉంటారు, 'విషపు నల్ల బూజు' అని. దాని పేరు స్టాకీబోట్రిస్. అమెరికాలో 1990లలో క్లీవ్‌లాండ్‌లో కొందరు పసిపిల్లల ఊపిరితిత్తుల్లో రక్తస్రావం జరిగితే మొదట దీన్నే అనుమానించారు. తర్వాత అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ మళ్లీ పరిశీలించి, 2000లో ఆ సంబంధం రుజువు కాలేదని చెప్పింది. అప్పటికే పేరు పాకిపోయింది. ఇది పెరగాలంటే కాగితం లాంటి పీచు పదార్థం నాన్‌స్టాప్‌గా తడిసి ఉండాలి. తడిసిన జిప్సమ్ ఫాల్స్ సీలింగు, గోడకు ఆనించిన అట్టపెట్టెలు దీనికి ఇష్టం. ముట్టుకుంటే జిగటగా ఉంటుంది. మీది సిమెంటు గోడ కాబట్టి అవకాశం తక్కువే. మంచం కింద పాత అట్టపెట్టెలు ఉంటే మాత్రం ఈ ఆదివారమే తీసేయండి. బూజు వల్ల మతిమరుపు వస్తుంది, ఒళ్లంతా విషమెక్కుతుంది అని చెప్పి మూత్రపరీక్షలు, గాలి పరీక్షలు అమ్మేవాళ్లకు డబ్బులు పోయొద్దు. రకం ఏదని తేలినా చేయాల్సింది ఒకటే, తడి ఆపడం, బూజు తీయడం.

ఇప్పుడు పాప. మన పెద్దవాళ్లు గోడ తడిసినా నెమ్మెక్కింది అంటారు, పిల్లల ఛాతీలో కఫం పట్టినా నెమ్ము చేసింది అంటారు. ఒకే మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇళ్లలోని తేమ, బూజుల మీద ప్రత్యేకంగా మార్గదర్శకాలు తెచ్చి చెప్పిందీ అదే: చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో ఉండేవాళ్లకు దగ్గు, పిల్లికూతలు, ఉబ్బసం ఎక్కువ. పగలు బాగుండి తెల్లవారుజామున దగ్గుతో లేవడం ఉబ్బసంలో తరచుగా కనిపించే లక్షణం. అది ఉబ్బసమేనని నేను అనను, నేను డాక్టర్ని కాను. పిల్లల డాక్టరుకు చూపించండి. చూపించేటప్పుడు గోడ ఫోటో కూడా ఫోన్లో తీసుకెళ్లి, పాప తల ఆ గోడకు ఎంత దూరంలో పెట్టుకుని పడుకుంటుందో చెప్పండి. ఇది చాలామంది చెప్పరు, డాక్టరు అడిగే టైమూ ఉండదు. ఇన్‌హేలరు రాస్తే అలవాటైపోతుందని భయపడి మానేయొద్దు, మందు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది కాబట్టి తక్కువ మోతాదు సరిపోతుంది. ఊపిరి తీసుకునేటప్పుడు పక్కటెముకల మధ్య గుంటలు పడినా, మాట పూర్తి చేయలేకపోయినా, పెదవులు నీలంగా మారినా 108కి ఫోన్ చేయండి.

ఈలోగా ఈ రాత్రే చేయగలిగిందొకటుంది. పాప పడక ఆ గదిలోంచి మార్చండి. హాల్లో చాప మీదయినా పరవాలేదు. చెమ్మ వాసన పోవాలని సాంబ్రాణి పొగ వేస్తుంటే మానేయండి. పొగకు బూజు చావదు, ఉబ్బసం ఉన్న పిల్లకు ఆయాసం వస్తుంది. దోమల కాయిల్ కూడా అంతే, దోమతెర కట్టండి. బట్టల మధ్య కలరా ఉండలు పెడితే పురుగులు రావేమో గానీ బూజు దాని మానాన అది వస్తుంది.

నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో పట్టుకోవడమే అసలు పని. ఓనరు ఇప్పటిదాకా చేయనిది అదే. చెమ్మ పైనుంచి దిగితే మిద్దె కారుతోంది. గోడ మధ్యలో ఒకచోట మచ్చగా ఉంటే లోపల పైపు గానీ, అవతల బాత్రూం గానీ. మీరు కిందనుంచి ఎక్కింది అన్నారు. దీపం వత్తి నూనె పీల్చినట్టు ఇటుక గోడ నేలలోని నీళ్లను పైకి పీలుస్తుంది. సాధారణంగా మోకాలెత్తు, నడుమెత్తు దాకా వచ్చి ఆగుతుంది. మనకు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, భూమిలో నీటిమట్టం అప్పుడే పైకొస్తుంది. 2021 నవంబరు వరదల తర్వాత ఎమ్మార్‌పల్లి వైపు కృష్ణానగర్‌లో ఒక ఇంటి దగ్గర భూమిలో ఉన్న సిమెంటు రింగుల సంపు పైకి లేచి నిలబడింది, గుర్తుందా? జనం చూడ్డానికి ఎగబడ్డారు. అంత బరువైన సంపునే లేపిన నీళ్లకు మీ గోడ ఒక లెక్కా? దాంతోపాటు మీ గోడ బయటివైపు ఏముందో వెళ్లి చూడండి. సైడు కాలవ పూడిపోయి నీళ్లు గోడ పక్కనే నిలుస్తున్నాయా? పై పోర్షన్ వాళ్ల వాననీళ్ల గొట్టం సరిగ్గా అక్కడే దిగుతోందా? చాలా ఇళ్లలో మిస్టరీ అక్కడే తేలిపోతుంది.

నీళ్లు గోడలోంచి వస్తున్నాయా, గదిలోని గాలిలోంచి గోడ మీద చెమర్చుతున్నాయా అన్న అనుమానం ఉంటే ఒక చిన్న పరీక్ష ఉంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు ప్లాస్టిక్ కాగితం తీసుకుని గోడకు నాలుగు వైపులా టేపుతో గాలి దూరకుండా అతికించండి. రెండు రోజుల తర్వాత చూడండి. కాగితం గోడవైపు తడిస్తే గోడలోంచి వస్తోంది. గదివైపు చెమర్చితే మన ఊపిరి, వంట ఆవిరి, గదిలో ఆరేసిన బట్టల తడి. బీరువాను గోడకు ఆనించి పెడితే వెనక గాలాడదు కాబట్టి ఈ రెండో రకం తడి కూడా అక్కడే చేరుతుంది. జానెడు ఎడం వదలండి. వానాకాలం దోమలకని కిటికీలన్నీ మూసేస్తాం, నాకు తెలుసు, అయినా పగలు ఒక గంట ఎదురెదురు కిటికీలు తీయాల్సిందే.

శుభ్రం చేసేటప్పుడు నాలాగా చేయొద్దు. అదే 2021 వానల తర్వాత మా ఇంట్లో పుస్తకాల అల్మరా తెరిచాను. వెనక చెక్క ఉబ్బి, నేను దాచుకున్న పాత రికార్డు పుస్తకాల అట్టల మీద బూడిద కలిసిన ఆకుపచ్చ మఖ్మల్ పరిచినట్టుంది. పెనిసిలియమే అయి ఉంటుందని మురిసిపోతూ, మాస్కు లేకుండా, ఫ్యాను వేసుకుని, పొడిగుడ్డ పెట్టి దులిపాను. మంచి వెలుతురు పడుతున్న కిటికీ. ఆ వెలుతురులో బూజు పొడి పొగలా లేచి గదంతా తిరగడం కళ్లారా చూశాను. ముప్పై ఏళ్లు పిల్లలకు ఒక్క చుక్కలో లక్షల సిద్ధబీజాలు, అంటే బూజు గింజలు, ఉంటాయని బోర్డు మీద బొమ్మ గీసి చెప్పినవాణ్ణి. వారం రోజులు దగ్గి, పిల్లికూతలొచ్చి, చివరికి నేనూ ఇన్‌హేలరు పట్టాను. మా ఆవిడ ఇప్పటికీ బూజు మాటెత్తితే నవ్వుతుంది.

తప్పు మన భాషలోనూ కొంత ఉందేమో. సాలెగూడునూ బూజే అంటాం, దీన్నీ బూజే అంటాం. పండగకు బూజు దులిపినట్టు దీన్నీ చీపురుతో దులపబోతాం. ఈ బూజును దులపకూడదు, తడిపి తుడవాలి. ఎన్-95 మాస్కు కట్టుకోండి, చేతులకు రబ్బరు గ్లవ్స్ వేసుకోండి. పాపను, అత్తమ్మను ఆ పూటకు పక్కింటికి పంపండి. ఫ్యాను ఆపి, కిటికీ తెరవండి. బట్టల పౌడరు కలిపిన నీళ్లలో ముంచిన బ్రష్షుతో రుద్ది, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయండి. తర్వాత ఫ్యాను పెట్టి పూర్తిగా ఆరనివ్వండి. మూడడుగులకు మూడడుగులు మేర ఉన్న బూజు దాకా ఇలా ఇంట్లోవాళ్లే చేసుకోవచ్చు. అంతకు మించి పాకితే, లేదా పుట్టీ పెచ్చులూడుతుంటే మేస్త్రిని పిలిపించాలి.

బ్లీచింగు ద్రవం టైల్స్ మీద, సింకుల మీద పనిచేస్తుంది. నాలుగు లీటర్ల నీళ్లకు పావులీటరు మించకుండా కలుపుకోండి. సిమెంటు గోడ లోపలికి అది దిగదు, అక్కడ సబ్బునీళ్లే నయం. ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతున్నాను: బ్లీచింగును బాత్రూం కడిగే యాసిడ్‌తో గానీ వెనిగర్‌తో గానీ ఎప్పుడూ కలపొద్దు. క్లోరిన్ గ్యాస్ వస్తుంది. బూజు ఏళ్లకు చేసే చెరుపు అది నిమిషాల్లో చేస్తుంది. ఒకదాని తర్వాత ఒకటి పోసి "డబల్ క్లీనింగ్" చేద్దామనుకునేవాళ్లున్నారు.

తోలు బ్యాగు, చెప్పులు బయట తుడిచి ఎండలో పెట్టండి. మన ఊళ్లో ఎండకు కరువా! పరుపులో చెమ్మ వాసన వస్తుంటే రెండు రోజులు రెండు వైపులా ఎండబెట్టి చూడండి. అయినా వాసన పోకపోతే దాని మీద ఆశ వదులుకోండి. దూది లోపలికి దిగిన బూజు బయటికి రాదు. ఇకమీదట ఏది తడిసినా ఒకటి రెండు రోజుల్లో ఆరిపోయేలా చూసుకుంటే బూజు మొలిచే వ్యవధే ఉండదు.

ఇల్లు ఖాళీ చేయాలా అంటే, ఇప్పుడే కాదు. పిల్ల బడి, మీ పనులు, కొత్త ఇంటికి అడ్వాన్సు, ఇవన్నీ నాకు తెలుసు. కొత్త ఇల్లు కూడా కింది పోర్షనే అయితే పెద్దగా తేడా ఉండకపోవచ్చు. ముందు ఓనరుతో మాట్లాడండి. "బూజు పోవట్లేదు" అనొద్దు. అలా అంటే ఆయనకు పెయింటే గుర్తొస్తుంది. "గోడలోకి నీళ్లొస్తున్నాయి, బయట గొట్టం మార్చాలి, కాలవ తీయించాలి" అనండి. తడిగోడ మీద వేసిన పెయింటు చెమ్మను లోపలే మూసి, కొన్నాళ్లకు పొంగి ఊడుతుంది. ఆయనకూ డబ్బు దండగే. పుట్టీ, పెయింటు చెక్కేసి, నీళ్ల దారి ఆపి, గోడ ఎండాక వేస్తేనే నిలుస్తుంది. మేస్త్రి పని ఎండాకాలంలో పెట్టుకోమనండి.

ఇంకొక సంగతి కూడా ఉంది. ఇది మీకోసం రాయడం లేదు, ఆయన వినకపోతే చదివి వినిపించడానికి. ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్ అనే ఊళ్లో ఒక చిన్న ఫ్లాటులో బూజు ఉందని తండ్రి 2017లో ఫిర్యాదు చేస్తే, దాని మీద పెయింటు వేసుకోమని చెప్పారు. 2020 డిసెంబరులో ఆయన రెండేళ్ల కొడుకు చనిపోయాడు. దీర్ఘకాలం బూజు గాలి పీల్చడమే కారణమని 2022లో విచారణాధికారి తేల్చారు. ఆ తర్వాత అక్కడ చట్టమే మార్చారు. మన దగ్గర అంత దూరం పోతుందని కాదు, ఆ చలిదేశపు మూసిన ఇళ్లు వేరు. పెయింటు వేస్తే పని అయిపోయిందనుకునే మాట మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే.

ఓనరుకు చూపించడానికి మీకు ఒక ఆధారం కావాలి. రేపు పొద్దున గోడ మీద చెమ్మ ఎంతవరకు ఎక్కిందో ఆ అంచు వెంబడి పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ వేసి, ఫోటో తీయండి. వారం తర్వాత అదే చోట మళ్లీ గీయండి. వాన లేని వారంలో కూడా గీత పైకి జరిగితే లీకయ్యేది పైపు. వానకు జరిగి, ఎండకు దిగితే గొట్టం, కాలవల సంగతి. పాప రాత్రి ఎన్నిసార్లు లేచిందో కూడా ఆ తేదీల పక్కనే రాసుకోండి. నాలుగు వారాల తర్వాత ఆ ఫోటోలు, ఆ లెక్క పెట్టుకుని నాకు మళ్లీ రాయండి.